మిగిలిన టైల్స్‌తో ఒక దారి

టైల్స్ పని నేర్చుకుందామని వచ్చేవాళ్లు ఈమధ్య నన్ను మొదట అడిగేది ఏ కట్టర్ కొనాలి అని. కట్టర్ సంగతి షాపువాడు చెబుతాడు. నేను చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. పని మానేసి ఇంట్లో కూర్చున్నాక తీరిక దొరికింది, తోచిన వరసలో రాస్తున్నాను. నా పేరు ఖాదర్. ఇల్లు మణుగూరులో. అటు భద్రాచలం, పర్ణశాల, ఇంకా పైకి చర్ల దాకా ఏ ఊరికి పోయినా నేను మోకాళ్ల మీద పాకిన ఇళ్లు ఒకటో రెండో కనిపిస్తాయి.

ఇది చేతులతో చేసే పని అని అందరూ అనుకుంటారు. చేసేది చేతులే, అరిగేది మాత్రం మోకాళ్లు. ఇప్పుడు మసీదులో వెనక వరసలో కుర్చీ వేసుకొని నమాజు చదువుతున్నాను. సజ్దాకు నుదురు నేలకు ఆనించి ఎన్నాళ్లయిందో. నా ఈడు మేస్త్రీలు ఆ కుర్చీల్లో ఇంకా కొందరున్నారు, ఒకరినొకరు చూసుకొని నవ్వుకుంటాం. మీరు మాత్రం మొదటి రోజు నుంచే మోకాళ్ల కింద గోనెసంచి మడతపెట్టుకోండి. పక్కవాడు వెక్కిరిస్తాడని తీసెయ్యకండి.

మా పనిలో ప్రమోషన్లు లేవు కాబట్టి వాటి గురించి రాసే బాధ నాకు లేదు. మొదట సిమెంటు, ఇసుక కలిపే మాలు కలపనిస్తారు, తర్వాత సందుల్లో తెల్ల సిమెంటు పూయనిస్తారు, ఆ తర్వాత ఎప్పుడో టైల్ పెట్టనిస్తారు. అంతే.

ఉస్తాద్ నడక

నాకు పని నేర్పింది కొత్తగూడెం జానీ ఉస్తాద్. పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరకు వినిపించేది. పొద్దున తిట్టడం మొదలుపెడితే అన్నం డబ్బాలు తెరిచేదాకా ఆపేవాడు కాదు. పని బాగుందని ఆయన నోటివెంట నేను ఎప్పుడూ వినలేదు. మహా అయితే చాయ్ తాగుతూ "నడుస్తది" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం మేము ఎండలో కుక్కల్లా తిరిగాం. మనుషుల్ని అలా పొగడకుండా ఎండబెట్టడం మంచిది కాదని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

కాని ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. గది పూర్తయి మాలు గట్టిపడ్డాక నేల శుభ్రంగా కడిగించి, అందరినీ బయటికి పొమ్మనేవాడు. చెప్పులు గుమ్మంలో విడిచి, కళ్లు మూసుకొని, ఈ గోడ నుంచి ఆ గోడకు ఉత్తకాళ్లతో నడిచేవాడు. ఏదైనా టైల్ అంచు పక్కదానికన్నా గోరంత లేచి ఉంటే ఆయన అరికాలు అక్కడ ఆగేది. జేబులోంచి సుద్దముక్క తీసి గీత గీసేవాడు. గీత పడ్డ టైల్‌ని మేము పీకాల్సిందే.

"కాలికి తెల్వొద్దురా," అనేవాడు. "కండ్లకు సందులు కనపడితె కనపడనియ్. కాలికి మాత్రం అంత ఒకటే బండ అనిపియ్యాలె. గప్పుడే అది పని."

ఒకసారి కాలనీలో ఒక ఆఫీసరు గారింట్లో, తెల్లారితే గృహప్రవేశం అనగా సాయంత్రం ఉస్తాద్ కాలు హాలు నడిమధ్యలో ఆగింది. ఆ ఇంటి అమ్మగారు కళ్లనీళ్లు పెట్టుకుంది. "దానిమీద సోఫా వేసుకుంటాం మేస్త్రీ, వదిలెయ్యి," అని బతిమాలింది. ఉస్తాద్ వినలేదు, పీకించాడు. చుట్టాలు వచ్చి కూర్చున్న హాల్లో మేము దుమ్ము లేపుకుంటూ పని చేశాం. ఇప్పుడు ఆలోచిస్తే అది ఒట్టి మొండితనమే అనిపిస్తుంది. అయినా ఆ మొండితనమే నాకు ఇన్నేళ్లు అన్నం పెట్టింది. నేను కూడా ప్రతి ఇంట్లో కళ్లు మూసుకొని నడిచాను, కాలికి తెలిసిన ప్రతి టైల్‌నీ పీకాను. నేల చూడటం నాకు ఎంత అలవాటైందంటే, ఎవరింటికి పోయినా ముందు మనుషుల మొహాలు కాదు, కాళ్లకింద ఏముందో చూసేవాణ్ణి. మా ఆవిడ మెహరున్నీసా దీనికి ఎప్పుడూ ఎగతాళి చేసేది.

"ఈయనను పెండ్లిచూపులకు తెస్తె నా మొహం చూడలె, మా ఇంట్ల షాబాదు బండలు చూసిండు," అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. అది అబద్ధం కాదు. ఒక బండ కదులుతుంటే కాలితో నొక్కి చూశాను.

మిగిలిన ముక్కలు

ఏ ఇంట్లోనైనా పని అయ్యాక టైల్స్ మిగులుతాయి. మిగలాలి కూడా. నిండు టైల్స్ కొన్ని డబ్బాతో సహా అటకెక్కించి, ఇంటివాళ్లకు చూపించి, పారెయ్యొద్దని చెప్పి రావాలి. రేపు ఒక టైల్ పగిలితే అదే రంగు బజారులో దొరకదు. పేరు అదే ఉంటుంది, రంగు మాత్రం కొంచెం తేడా వస్తుంది. ఆ తేడా ఇల్లున్నన్నాళ్లూ కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది.

కోసిన ముక్కల సంగతి వేరే. అవి కూడా ఇంటివాళ్లవే. వాళ్లు వద్దంటేనే మనవి, అదీ నోటితో అడిగి తీసుకోవాలి. ఆ ముక్కల్లోంచి ఆ ఇంటికి పనికొచ్చేది ఒకటైనా చేసి ఇచ్చి రావడం నాకు అలవాటు. బిందెలు పెట్టుకునే గట్టు మీద అతికిస్తే కింద పాచి పట్టదు. వేడి గిన్నె దించుకోవడానికి ఒక ముక్క ఇవ్వొచ్చు. దాని అంచులు సానరాయితో అరగదీసి, కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు నాలుగు మూలలా అంటిస్తే గట్టు గీసుకుపోదు. పూలకుండీల కింద, పప్పు డబ్బాల అరలో, పొయ్యి వెనక గోడకి, సబ్బు పెట్టుకునే గూట్లో, ఎక్కడ తడి, నూనె, మసి ఉంటే అక్కడ ముక్క పనికొస్తుంది.

ఆడవాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా అడిగేది గోడ మీద వరస. గదిలోంచి వంటింట్లోకి తిరిగే మూల, స్విచ్‌బోర్డు చుట్టూ, తలుపు పక్కన, మనుషుల చేతులు ఎక్కడ పడతాయో అక్కడ గోడ నల్లబడుతుంది. ఎన్ని రంగులు వేసినా ఆరు నెలలకు మళ్లీ అదే. ఆ చేతులు పడే ఎత్తులో మిగిలిన ముక్కలు ఒక వరస అతికిస్తే తడిబట్టతో తుడుచుకోవచ్చు. భద్రాచలంలో మరియమ్మ అని ఒక నర్సమ్మ ఉండేది, అందరూ సిస్టరమ్మ అనేవాళ్లు. ఆమె ఇంట్లో అలా ఒక వరస వేస్తే సంబరపడి, మిగిలిన మీగడ రంగు గోడ టైల్స్ నాకే ఇచ్చేసింది. "మీ ఇంట్ల ఏస్కో ఖాదర్, నీ భార్యకు ఇది నేనిచ్చినట్టు," అంది.

ఒక తప్పు మాత్రం చెయ్యకండి. గోడ టైల్ గోడకే. అది పల్చన, పైన నున్నగా ఉంటుంది. పర్ణశాల దగ్గర యాత్రికులకు భోజనం పెట్టే ఒక చిన్న హోటల్లో, నేను వద్దని చెప్పి వచ్చాక, వేరే మేస్త్రీతో మిగిలిన గోడ టైల్స్ చేతులు కడిగే చోట మెట్టుకు వేయించుకున్నారు. చూడటానికి తళతళలాడింది. దర్శనానికి వచ్చిన ఒక ముసలమ్మ ఎంగిలి చెయ్యి కడుక్కోబోయి జారి, తుంటి విరిగి, మళ్లీ లేచి నడవలేదట. ఆ హోటలాయన మంచివాడే, చాలా ఏడ్చాడు. ఆ మెట్టు పీకి, గడులు గడులుగా గరుకుగా ఉండే పార్కింగ్ టైల్స్ వెయ్యడానికి నన్నే పిలిచాడు. అక్కడ మిగిలినవి కొన్ని మా ఇంటికి వచ్చాయి.

ఇన్ని వచ్చినా మా ఇంట్లో నేల మాత్రం సిమెంటే. "ఊరందరికి టైల్స్, మనింట్ల సిమెంటు," అని మెహరున్నీసా దెప్పేది. వేస్తాలే అనేవాణ్ణి. పెరట్లో రేకుల కింద ఊరూరి ముక్కలు పోగుపడుతూ ఉండేవి.

జోగమ్మ తిరగేసిన టైల్

చర్ల దాటి అడవిలో ఒక బడికి టైల్స్ వెయ్యడానికి పోయినప్పుడు, పక్కన కోయ గూడెంలో జోగమ్మ అనే ఆమె మాకు నీళ్లు ఇచ్చేది. పోతూ పోతూ ముక్కలు కావాలా అని అడిగితే తల ఊపింది. ఉన్నవాటిలో మంచి పువ్వులున్నవి ఏరి ఇచ్చాను. మళ్లీ ఏదో మరమ్మతుకు పోయేసరికి ఆమె వాకిట్లో నీళ్ల కుండల దగ్గర వాటిని పరిచి ఉంది. అన్నీ బోర్లా. పువ్వు భూమిలోకి, వెనకవైపు గీతల గీతలుగా ఉండే మొద్దు ముఖం పైకి.

నాకు నవ్వు ఆగలేదు. "తిరగేసి ఏసినవేంది జోగమ్మా? పువ్వు కిందికి పాయె."

"పువ్వు సూడనీకె సెట్లున్నయ్ గద," అంది ఆమె. "గిట్లయితె కాలు జారదు. మడమ గూడ రుద్దుకోవచ్చు."

ఆమె మా ముందే ఒక కాలు పెట్టి మడమ రుద్ది చూపించింది. నాతో వచ్చినవాళ్లు పడిపడి నవ్వారు. నేను కూడా నవ్వాను. ఇంటికొచ్చి మెహరున్నీసాకు చెబితే ఆమె నవ్వలేదు. "అది తెలివైన మనిషి," అంది. ఆ వెనకవైపు టైల్స్ నేను తర్వాత ఎక్కడ వాడతానో అప్పుడు ఇద్దరికీ తెలియదు.

మెహరున్నీసా

మా ఆవిడకు షుగర్ ఎప్పటినుంచో ఉంది. చాలా ఇళ్లలో లాగే మా ఇంట్లో కూడా అది ఒక జబ్బులా కనిపించలేదు. చాయ్‌లో చక్కెర తగ్గించడం, మాత్ర వేసుకోవడం, దావత్‌లో ఖుబానీ మీఠా ముందు పెడితే వద్దు వద్దంటూనే రెండు చెంచాలు తినడం. కళ్లు మసకేస్తున్నాయంటే అద్దాలు మార్చాం. తర్వాత పెద్ద దవాఖానాలో చూపిస్తే కంటి లోపలి నరాలు దెబ్బతిన్నాయన్నారు. చెయ్యగలిగింది చేశారు. ఒక రంజాన్ నాటికి నెలవంక ఎక్కడుందో వేలుపెట్టి చూపించినా ఆమెకు కనపడలేదు. ఆ తర్వాత నా మొహం కూడా కనపడకుండా పోయింది.

మా ఒక్కతే బిడ్డ షబానా, సత్తుపల్లిలో బట్టలు కుట్టే షాపు నడుపుతుంది. వచ్చి తల్లిని తీసుకుపోతానంది. మెహరున్నీసా ఒప్పుకోలేదు. ఆ రోజు సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకొని మాట్లాడింది.

"ఒకటి చెప్త, ఇను షబానా అబ్బా," అంది. బిడ్డ పేరుతోనే నన్ను పిలిచేది. "కండ్లు పోతె పోయినయ్, అల్లా ఇష్టం. కని నన్ను చెయ్యి పట్కొని బాత్రూంకు తీస్కపోయే రోజు మాత్రం రావొద్దు. నా ఇంట్ల నేనే తిరగాలె. ఫజర్ నమాజుకు నేనే లేసి, నేనే నల్లా కాడికి పోయి కాళ్లు చేతులు కడిగి వజూ చేస్కోవాలె. గది ఒక్కటి నిలబెట్టు, ఇంకేం అడగ."

ఆమె ఎప్పుడూ నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు. మర్నాడు పెరట్లో రేకుల కిందికి పోయి ముక్కలన్నీ బయట వేసి కూర్చున్నాను. ఉస్తాద్ నేర్పిన పనికి పూర్తిగా తలకిందులు పని చెయ్యాలి. ఇన్నేళ్లూ కాలికి తెలియకుండా నేల వేశాను. ఇప్పుడు అడుగడుగూ కాలికి తెలిసేట్టు వెయ్యాలి.

మాది చిన్న ఇల్లు. ముందు వరండా, రెండు గదులు, వంటిల్లు, వెనక తలుపు తీస్తే పెరట్లో నల్లా, బాత్రూం. మంచం దగ్గర నుంచి పెరట్లోకి దారి గీసుకున్నాను. మధ్యలో వేస్తే కుర్చీలు, బీరువా అడ్డం వస్తాయని గోడ పక్కనుంచే గీశాను. సిమెంటును ఒక టైల్ వెడల్పున కోసి, టైల్ పెట్టాక నేలకు సమానంగా వచ్చేట్టు లోతు తీశాను. పైకి లేస్తే కాలు తగిలి పడుతుంది. తెలియాల్సింది ఎత్తు కాదు, ముఖం.

గదుల్లో నడిచినంత మేరా పర్ణశాల నుంచి వచ్చిన గడుల పార్కింగ్ టైల్స్. వంటింటి దగ్గర మలుపు తిరిగే చోట సిస్టరమ్మ ఇచ్చిన మీగడ రంగు టైల్ ఒకటే, నున్నగా, చల్లగా. గోడ టైల్ నేలకు వద్దని పైన రాసిన నేనే అక్కడ పెట్టాను, ఎందుకంటే అది తడి తగలని మూల, పక్కన గోడ ఉంది, ఆగాలని చెప్పడానికి అంత నునుపు ఇంకెక్కడా దొరకలేదు. మలుపు దాటాక పెరట్లో నల్లా దాకా చర్ల పనిలో మిగిలినవి, జోగమ్మ వేసినట్టే బోర్లా. పెరట్లోకి దిగే మెట్టుకు ముందు చిన్న చిన్న ముక్కలు గులకరాళ్లలా గుచ్చాను.

అప్పటికే నా మోకాళ్లు వంగడం మానేస్తున్నాయి. పక్కకు ఒరిగి పడుకొని వేశాను. మెహరున్నీసా మంచం మీద కూర్చొని తాపీ చప్పుడు వింటూ, "ఎంత దూరం వచ్చినవ్?" అని అడుగుతూ ఉండేది. వేసిందంతా అయ్యాక నేనే చెప్పులు విడిచి కళ్లు మూసుకొని నడిచాను. కాలికి తెలియని చోటల్లా పీకి మళ్లీ వేశాను. జానీ ఉస్తాద్ బతికుండి చూస్తే నన్ను చెప్పుతో కొట్టేవాడు.

తర్వాత ఆమెను నడిపించాను. ఒక్కో చోట ఆగి ఇదేంటి, ఇదెక్కడిది అని అడిగింది. నేను చెప్పాను. పర్ణశాల, సిస్టరమ్మ, చర్ల. ఆ పేర్లే స్థిరపడిపోయాయి. ఆమె ఆ ఊళ్లకు ఎప్పుడూ పోలేదు. తెల్లవారుజామున మంచం దిగి, "పర్ణశాల దాటిన… సిస్టరమ్మ కాడ ఉన్న… ఇగో చర్లల దిగిన," అని అక్కడి నుంచే కేక వేసేది. తర్వాత నల్లా తిప్పిన చప్పుడు వినపడేది.

"టికెట్ లేకుంట రోజు చర్ల పోయొస్తున్న," అని ఇరుగుపొరుగు ఆడవాళ్లతో నవ్వేది. "మా ఆయన వేసిన టైల్స్ నా కాళ్లతోని మాట్లాడుతయ్."

నేను చేసిన పనికి ఎవరైనా అంత మెచ్చుకోవడం అదే మొదలు. ఉస్తాద్ చెప్పని మాటలన్నీ ఆమె నోట విన్నాను. అవి నా జీవితంలో మంచి ఏళ్లు. ఆమెకు కళ్లు లేని ఏళ్లను మంచి ఏళ్లు అంటున్నానని ఎవరైనా తప్పు పడితే పట్టుకోనివ్వండి. ఆ ఇంట్లో ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరిగింది.

ముల్లు

ఒక పొద్దున ఫజర్ చదువుకొని మసీదు నుంచి ఇంటికి వచ్చాను. వంటింటి మలుపులో సిస్టరమ్మ టైల్ మీద ఎర్రగా కాలిముద్ర ఉంది. అటు పెరటి దాకా చర్ల టైల్స్ మీద, ఇటు మంచం దాకా పర్ణశాల టైల్స్ మీద కూడా మరకలు. మెహరున్నీసా మంచం మీద కూర్చొని వెల్లుల్లి వలుస్తూ ఉంది. కింద నెత్తురు చిన్న మడుగు కట్టింది.

"కాలికేమైంది?" అన్నాను.

"ఏమైంది?" అని ఆమె నన్నడిగింది.

కాలు ఎత్తి చూశాను. పెరట్లో కట్టెల మోపులోంచి రాలిన తుమ్మ ముల్లు అరికాల్లో మొదలంటా దిగి విరిగిపోయి ఉంది. నేను దాన్ని లాగాను. అంత ముల్లు లాగితే ఎవరైనా అరుస్తారు. ఆమె చేతిలో వెల్లుల్లి రెబ్బ కూడా కదలలేదు. "తీసినవా?" అని అడిగింది, అంతే.

భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాను. డాక్టర్ చిన్న వయసు ఆయన, నిదానంగా చూశాడు. ఆమె అరికాలి మీద సూదితో అక్కడా ఇక్కడా తాకుతూ తెలుస్తుందా అమ్మా అని అడిగాడు. ఆమె కొన్నిసార్లు అవ్ అంది, కొన్నిసార్లు లేదంది. ఆయన సూది తీసేసి అడిగినప్పుడు కూడా అవ్ అంది. డాక్టర్ నన్ను బయటికి పిలిచాడు.

"కాళ్లల్ల స్పర్శ పోయి చాన ఏండ్లయినట్టున్నది పెద్దాయనా. షుగర్‌తోని అట్ల అయితది. ఈమెకు నేల తెల్వదు."

"లే సార్," అన్నాను. "ఆమె కాళ్లతోనే తొవ్వ చూస్కుంటది. నేనే ఏసిన."

ఆయన నా మొహంలోకి చూశాడు. గాయం జాగ్రత్త అని చెప్పి మందులు రాశాడు.

ఆటోలో వస్తూ ఆమెనే అడిగాను. "నీకు టైల్స్ తెలుస్తలేవా మెహరూ?"

"తెల్వకేంది," అంది. "నీ టైల్స్ నాకు తెల్వయా? ఆ డాక్టర్ పిలగానికేం తెలుసు."

నేను నమ్మాను. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాను.

గాయం మానలేదు. నల్లబడింది. ఖమ్మం తీసుకుపోయాం, అక్కడ కాలు మోకాలి కింద దాకా తీసేశారు. ఆ తర్వాతి రోజుల గురించి ఎక్కువ రాయలేను. ఏ రోజు రావొద్దని ఆమె అడిగిందో ఆ రోజే వచ్చింది, ఆమెకు రోజూ వచ్చింది. షబానా షాపు మూసి మా దగ్గరే ఉండిపోయింది. ఒక పక్క బిడ్డ, ఒక పక్క నేను పట్టుకొని బాత్రూంకు తీసుకుపోయేవాళ్లం. వంగని మోకాళ్లతో నేను ఎక్కడ తూలుతానో అని ఆమె నా భుజాన్నే గట్టిగా పట్టుకునేది. ఏడ్చేది కాదు, మొహం మాత్రం గోడవైపు తిప్పుకునేది. ఒకసారి మాత్రం, "చర్లకు బస్సు బంద్ అయింది గద," అంది. నవ్వించడానికే అంది. మాకు నవ్వు రాలేదు.

వానాకాలంలో పోయింది. మట్టిలో మట్టిగా సమాధి చేశాం. మాలో సమాధుల మీద టైల్స్ వెయ్యం. ఎంతోమంది ఇళ్లకు వేసిన చేతులతో ఆమె మీద మూడు పిడికిళ్ల మట్టి వేసి వచ్చాను.

గోడ

తల్లి పోయాక సత్తుపల్లి వెళ్లిన షబానా రంజాన్ వస్తుందనగా మళ్లీ వచ్చింది. ఇంటికి సున్నం వేయిద్దామంది. మెహరున్నీసా కళ్లు పోయినప్పటి నుంచి మేము సున్నం జోలికి పోలేదు.

"సున్నమాయన రేపొస్తడు అబ్బా," అంది. "గంతలోపట నువ్వు గీ గోడకు మిగిలిన టైల్స్ ఒక వరస అతికియ్యి. అందరిండ్లల్ల చేస్తవ్ గద. మురికి పట్టింది."

ఎక్కడ అని అడిగాను. ఆమె చూపించలేదు. "గోడంత," అంది. "నీకు కాకుంటె చెప్పు, నేను ఎవర్నన్న పిలుస్త. జల్దీ అయిపోవాలె."

అప్పుడు గోడ చూశాను. మంచం పక్క నుంచి ఒక నల్లటి గీత మొదలవుతుంది. నా నడుముకన్నా బాగా కిందుగా, తొడల ఎత్తులో, చెయ్యంత వెడల్పున, వంటనూనె, పసుపు, చెమట కలిసిన రంగు. రెండు గదుల గోడ పొడుగునా అదే ఎత్తులో పోయి, వంటింటి మలుపు తిరిగి, వెనక తలుపు దాకా ఉంది. కింద నేను ఆగమని సిస్టరమ్మ టైల్ వేసిన చోట గోడ మీద చెయ్యి ఆగిన గుర్తు లేదు. ఆ గుర్తు ఇంకొంచెం ముందు, తలుపు చెక్క దగ్గర ఉంది. అక్కడ అరచెయ్యి మాటిమాటికీ పెట్టినట్టు గోడ మరీ నల్లగా, నున్నగా అయి ఉంది. ఆమె ఆగింది అక్కడ. నా టైల్ ఎక్కడుందో ఆమెకు తెలియలేదు.

ఆమె గోడ పట్టుకొని నడిచింది. గోడ పట్టుకొని నడుస్తూ, పర్ణశాల దాటిన, సిస్టరమ్మ కాడ ఉన్న అని నాకు కేకలు వేసింది.

అన్నేళ్లు ఆ ఇంట్లోనే ఉండి నేను ఆ గీత చూడలేదు. రోజూ కింద టైల్స్ తుడిచాను, సందుల్లో మట్టి చేరితే పుల్లతో తీశాను. తల ఎత్తలేదు.

వెనక్కి తిరిగేసరికి షబానా కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తోంది.

"అమ్మీ చెప్పింది అబ్బా," అంది. "ఖమ్మం దవాఖానాల. నేను పోయినంక, మురికి పట్టిందని చెప్పి ఆ గోడకు టైల్స్ అతికియ్యమను, లేకుంటె సున్నమన్న కొట్టియ్యి, మీ అబ్బకు సంగతి తెల్వనియ్యకు అన్నది. ఆయనకు నేల తప్ప ఏం కనపడదు, గందుకే ఇన్నొద్దులు నేను దొరకలె అన్నది. పాపం మోకాళ్లు పోయెటట్టు ఏసిండు, తెలిస్తె మనసు కష్టపెట్టుకుంటడు అన్నది."

నేను అక్కడే గోడకు ఆనుకొని కూర్చుండిపోయాను. బిడ్డ నీళ్లు తెచ్చి ఇస్తే తాగాను.

మర్నాడు సున్నమాయన వచ్చాడు. ఆ గీతకు పైనా కిందా వెయ్యమన్నాను. ఆయనకు అర్థం కాక షబానా వైపు చూశాడు. షబానా తల ఊపింది. సున్నం వేసినంతసేపూ నేను అక్కడే నిలబడ్డాను. ఇల్లంతా తెల్లగా అయింది, గీత మాత్రం ఉండిపోయింది. చుట్టాలు వచ్చినప్పుడు చూసి, అక్కడ మిగిలిన టైల్స్ ఒక వరస వేస్తే బాగుండు గద ఖాదర్ భాయ్ అంటారు. అవునంటాను. టైల్స్ పెరట్లో ఉన్నాయి.

పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు చివరగా చెప్పేది ఇదే. మీ పని బాగుందని ఇంటివాళ్లు చెబితే సంతోషించండి, కాని వాళ్లు దాంతో ఎలా బతుకుతున్నారో ఒకసారి తల ఎత్తి చూడండి. నేను చూడలేదు.

ఫజర్‌కు లేచినప్పుడు ఇప్పుడు లైటు వేసుకోను. చెప్పులు వేసుకోను. నా కాళ్లకు టైల్స్ అన్నీ తెలుస్తాయి, పర్ణశాలా, సిస్టరమ్మా, చర్లా. అయినా గోడ మీద చెయ్యి పెట్టుకొనే నల్లా దాకా పోతాను. ఆమె నాకన్నా బాగా పొట్టి. ఆ గీత మీద అరచెయ్యి నిండుగా ఆనాలంటే కొంచెం వంగాలి. వంగే నడుస్తాను.